వాళ్లకు చెలగాటం – మన్యానికి ప్రాణసంకటం

బాబాసాహెబ్ కూడా ఒకసారి విహారయాత్రకు పోయారు. ఈ సంగతి మన వాడల్లో చాలామందికి తెలవదు.

1934లో ఆయనతో ఉద్యమంలో పనిచేసే అంటరాని కులాల కార్యకర్తలు ఓ ముప్పై మంది వెరూళ్ గుహలు చూసొద్దామని బయల్దేరారు. ఆయనా వెంట పోయారు. దారిలో నిజాం రాజ్యంలోని దౌలతాబాద్ కోట కాడ ఆగారు. దుమ్ము కొట్టుకుపోయిన మొహాలు కడుక్కుందామని కోట ముందున్న కొలనులో చేతులు పెట్టారు. అంతే! నీళ్లు మైలపడ్డాయని అరుపులు, తిట్లు, గుంపు. చివరికి కోట లోపల ఎక్కడా నీళ్లు ముట్టుకోమని ఒప్పుకుంటేనే చూడనిచ్చారు. మాట తప్పుతారేమోనని వెనకాలే ఒక సాయుధ సిపాయిని నడిపించారు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే ఈ సంగతి రాసుకున్నారు.

టూరిజం గురించి దళిత పత్రికకి ఏం పని అని అడిగేవాళ్లకు మా జవాబు ఇదే. విహారం అంటే ఉత్త సరదా కాదు. ఎవరి నీళ్లు ఎవరు ముట్టొచ్చు, ఏ గేటు ఎవరికి తెరుస్తారు, ఎవరి వెనకాల సిపాయి నడుస్తాడు – ఇదంతా అందులో ఉంది. ఆ రోజు కోట కాడ జరిగింది ఇప్పుడు వేరే వేషంలో విశాఖ మన్యం కొండల మీద జరుగుతోంది. మాట్లాడకుండా కూచుంటే అది మన తప్పు అవుతుంది.

పన్నెండు నెలల తిరునాళ్లు

ఒకప్పుడు అరకు అంటే చలికాలం నాలుగు రోజులు. ఇప్పుడు ఏడాది పొడుగునా తిరునాళ్లే. ఏ నెలకు ఏ సరదా అన్నది పట్టణాల్లో బోర్డులు కట్టి మరీ చెబుతున్నారు. అదే నెలలు కొండ మీద బతికేవాళ్లకి ఎట్లా గడుస్తాయో ఏ బోర్డు మీదా ఉండదు. మేం చెబుతాం, వినండి.

చలికాలం వచ్చిందంటే లంబసింగి. దానికి 'ఆంధ్రా కాశ్మీర్' అని పేరు తగిలించారు. సముద్ర మట్టానికి వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఊరు అది. కొన్ని రాత్రులు చలి సున్నా దగ్గరికి పోతుంది. ఆ చలి కోసమే కార్లు కట్టుకొని వస్తారు. గుడారం, మంట, సీసాలు, తెల్లవార్లూ పాటల పెట్టెలు. అదే రాత్రి అదే చలిలో ఆశ్రమ పాఠశాలలో ఆదివాసీ పిల్ల పలచని దుప్పటి కింద మోకాళ్లు కడుపులోకి ముడుచుకొని పడుకుంటుంది. చలి ఒక్కటే. ఒకరికి అది కొనుక్కున్న వస్తువు, ఇంకొకరికి తప్పించుకోలేని బాధ.

అప్పుడే అరకు లోయలో వలిసె పూస్తుంది. చేలన్నీ పసుపు పరిచినట్టుంటాయి. చూడ్డానికి బాగుంటుంది, మేమూ కాదనం. కానీ వలిసె పూలతోట కాదు, నూనె గింజల పంట. కారు ఆపి చేలోకి దిగి, పడుకొని, దొర్లి ఫోటోలు తీయించుకుంటారు. విరిగిన మొక్కకి గింజ పట్టదు. ఆ రైతు 'బాబూ, పది రూపాయలివ్వండి' అంటే దోపిడీ అంటారు. వంద రూపాయల కాఫీ తాగినప్పుడు గుర్తురాని దోపిడీ పది రూపాయల కాడ గుర్తొచ్చింది!

ఎండాకాలం మైదానం మండిపోతుంటే చల్లదనానికి కొండెక్కుతారు. మన్యంలో అది ఇటుకల పండగ కాలం. విత్తనాలకు పూజ చేస్తారు. మగవాళ్లు అడవికి పోతారు. ఆడవాళ్లు దారికి కర్ర అడ్డం పెట్టి వచ్చేపోయేవాళ్ల దగ్గర నవ్వుతూ చందా అడుగుతారు. రాత్రి ధింసా. అంటే కొండకి తన విహారం తనకి ముందు నుంచీ ఉంది, తన కొలువు ప్రకారం, తన పంట ప్రకారం. ఇప్పుడేమయ్యింది? దారి కాడ అడిగే చందా వసూళ్ల దందా అయ్యింది. ధింసా మాత్రం రిసార్టులో రాత్రి భోజనానికి ముందు అరగంట ఆట అయ్యింది. పండగ లేదు, పంట లేదు, పిలిచినప్పుడు వచ్చి ఆడి పోవాలి. మన డప్పుని పెత్తందార్లు ఏం చేశారో అదే. చావుకి, ఊరేగింపుకి మన చేత కొట్టించారు, కొట్టినవాణ్ణి మాత్రం అరుగు ఎక్కనివ్వలేదు.

ఇక వానాకాలం. అనంతగిరి వైపు కటికి, తాటిగుడ. డుంబ్రిగుడ కాడ చాపరాయి. జి.మాడుగుల వైపు కొత్తపల్లి. జలపాతాలన్నీ నిండుగా దూకుతాయి. పాడేరు దగ్గర వంజంగి కొండ మీద మబ్బులు కాళ్ల కింద పాలసముద్రంలా పరుచుకుంటాయి. వాన వెలిసే కాలానికి తెల్లారుజామున ఘాట్ రోడ్డు మీద కార్లు బారులు తీరుతాయి.

అదే వానకి గెడ్డలు పొంగుతాయి. గెడ్డ పొంగితే అవతలి ఊరు తెగిపోయినట్టే. జ్వరాల కాలం కూడా అదే. నెలలు నిండిన ఆడమనిషికి నొప్పులొస్తే బొంగుకర్రకి దుప్పటి ఊయలలా కట్టి, అందులో పడుకోబెట్టి, ఇద్దరు భుజాన మోసుకొని రాళ్లూ బురదా దాటుకుంటూ కిందికి దిగాలి. దాన్నే డోలీ అంటారు. అంబులెన్సు రోడ్డు ఉన్న కాడ ఆగిపోతుంది. దారిలోనే కాన్పులైపోయిన తల్లులున్నారు. దారిలోనే పోయిన తల్లులూ ఉన్నారు. ఏటా పేపర్లలో వస్తానే ఉంటుంది, ఏటా మర్చిపోతానే ఉంటాం.

మేము ఐదుగురం కొండెక్కినప్పుడు ఒక ముసలమ్మ మాతో ఒక మాట అంది: "రోడ్డు ఎక్కడిదాకా ఏసేరో సూడండి బాబూ. గుడారాల దాకా ఏసేరు. ఆడి నుంచి మా ఊరు ఇంకా రెండు కొండలు."

ఇంతకన్నా సూటిగా ఏ మేధావీ చెప్పలేడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఆ రోడ్డు ఎవరి వీపుల మీద వేశారు

నర్సీపట్నం నుంచి లంబసింగి పోయే కార్లు ఎక్కే ఘాటుకి ఒక చరిత్ర ఉంది. ఇంగ్లీషు దొరల కాలంలో ఆ దారి వేయించేటప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ అనేవాడు. కొండవాళ్ల చేత రాళ్లు కొట్టించి, మట్టి మోయించి, కూలి సరిగా ఇవ్వలేదు. ఎదురు తిరిగితే కొరడా. పోడు చేసుకుంటే అడవి చట్టం, చేసుకోకపోతే ఆకలి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద అల్లూరి సీతారామరాజు దళం దిగిందంటే ఆ రోడ్డు కూలి కూడా ఒక కారణం. రాజు వెంట గాం గంటందొర, గాం మల్లుదొర, పేర్లు చరిత్రకెక్కని వందల మంది కొండవాళ్లు నిలబడ్డారు. ఈ రోజు ఆ రోడ్డు మీద పోయేవాళ్లు రాజు బొమ్మ కాడ సెల్ఫీ దిగుతారు. రోడ్డు వేసిన చేతుల గురించి ఒక్కరూ అడగరు.

రైలు సంగతీ అంతే. కొత్తవలస–కిరండూల్ లైను 1960లలో వేసింది జనం కోసం కాదు. బైలదిల్లా ఇనుప రాయిని విశాఖ రేవుకి దించి జపానుకి పంపడానికి వేశారు. 2017లో అదే లైను మీద అద్దాల పెట్టె తగిలించారు, కూచున్న కాణ్ణించే లోయలు చూడ్డానికి. మొదట కొండ పొట్టలోది పట్టుకుపోయారు. ఇప్పుడు కొండ అందం కూడా టికెట్ పెట్టి అమ్ముతున్నారు. ఈ రెండు బేరాల్లోనూ కొండవాడిని మాత్రం ఎవరూ ధర అడగలేదు.

చట్టానికి రెండు నాలుకలు

రోడ్డు ఎందుకు వెయ్యరు అని అడిగితే ఒకే పాట – "అది రిజర్వు ఫారెస్టు, అనుమతులు రావాలి."

ఈ పాట అబద్ధం. కార్యకర్తలు ఈ ముక్క గుర్తు పెట్టుకోవాలి. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) చదవండి. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, రేషన్ షాపు, మంచినీళ్లు, రోడ్డు – ఇట్లాంటి వాటికి ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు. హెక్టారుకి 75 చెట్లకు మించి కొట్టకూడదు. గ్రామసభ సిఫారసు చెయ్యాలి. ఇదీ షరతు. అంటే కాన్పుకి పోయే తల్లి కోసం దారి వెయ్యడానికి చట్టం తలుపు తీసే ఉంచింది. ఆ తలుపుకి అడ్డంగా కూచున్నది ఆఫీసు.

ఇక రెండో నాలుక. 2023లో ఢిల్లీలో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించారు. జూలు, సఫారీలు, అటవీ శాఖ ప్లానులో రాసుకున్న ఎకో టూరిజం కట్టడాలు – వీటిని ఇకనుంచి 'అడవికి సంబంధం లేని పని' కింద లెక్కెయ్యక్కర్లేదన్నారు. 2023 డిసెంబరు 1 నుంచి అది అమలు. చూశారా న్యాయం! ఆదివాసీ నాగలి అడవికి శత్రువు. విహారానికి వచ్చినవాడి కుటీరం అడవికి చుట్టం. పోడు నరికితే కేసు. టికెట్ కౌంటరు కడితే పర్యావరణం.

విశాఖ మన్యంలోనే అనుకునేరు. నల్లమల చూడండి. అమ్రాబాద్ పులుల అడవిలో చెంచు పెంటలను బయటికి పొమ్మని ఏళ్ల తరబడి నచ్చజెబుతున్నారు. మనుషులుంటే పులికి ఇబ్బంది అంట. ఫరహాబాద్ వైపు మాత్రం సఫారీ జీపులు తిరుగుతాయి. చెంచు కాలి నడకకి బెదిరే పులి జీపు మోతకి బెదరదా? అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారే, అడవి శాఖ తీరు అచ్చంగా అదే.

ఏకై వచ్చి మేకై కూచుంటారు

మన్యంలో భూమిని ఆదివాసీ కానివాడికి బదిలీ చెయ్యకూడదు. 1959 నాటి నిబంధనని 1970లో గట్టి చేశారు. అదే 1/70. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో భూమి కనపడితే, అది కాదని రుజువయ్యే దాకా గిరిజనుడి నుంచి వచ్చిందనే లెక్క. 1997 జూలైలో సుప్రీంకోర్టు సమత తీర్పులో ఇంకో మెట్టు ఎక్కింది. అనంతగిరి మండలం బొర్రా పరిసరాల్లో గనుల లీజుల మీద నడిచిన కేసు అది. ప్రభుత్వం కూడా చట్టం దృష్టిలో గిరిజనేతర 'వ్యక్తే', షెడ్యూల్డు ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదు అని తేల్చింది. బొర్రా గుహల్లో రంగు దీపాలు చూసి ముచ్చటపడి వచ్చేవాళ్లకు ఈ తీర్పు ఆ రాళ్ల మధ్యనే పుట్టిందని ఎవరూ చెప్పరు.

చట్టం ఉంది కదా, మరి ఇన్ని రిసార్టులు ఎట్లా లేచాయి? పేరు ఆదివాసీది, పెట్టుబడి మైదానం పెత్తందారుది. కాగితం మీద యజమాని అయిన వాడే గేటు కాడ వాచ్‌మన్. మొదట ఒక గుడారం వేస్తారు – "ఇది కట్టడం కాదు కదా" అంటారు. మరుసటేడు రేకుల షెడ్డు. ఆపై ఏడు సిమెంటు దిమ్మ. ఏకై వచ్చి మేకై కూచోవడం అంటే ఇదే.

బినామీ కూడా సాలక, ఇప్పుడు చట్టం మీదకే వచ్చారు. 2025 జనవరిలో విశాఖలో పర్యాటక పెట్టుబడుల సభ జరిగింది. మన్యంలో టూరిజం పెరగాలంటే 1/70ని సవరించాలన్న మాట సాక్షాత్తూ శాసనసభ స్పీకర్ నోటి నుంచే వచ్చింది. మన్యం ఊరుకోలేదు. ఫిబ్రవరి 11, 12 తేదీల్లో ఏజెన్సీ బంద్. దుకాణాలు, బండ్లు, టూరిస్టు స్థలాలు అన్నీ మూతపడ్డాయి. 1/70ని మార్చబోమని ముఖ్యమంత్రి ప్రకటించాల్సి వచ్చింది. అది జనం గెలుపు. కానీ నిద్రపోవద్దు. గనుల కోసం ఒకసారి, విహారం కోసం ఇంకోసారి – సాకు మారుతుంది, కన్ను మాత్రం భూమి మీదే.

మనలో వచ్చే మూడు ప్రశ్నలు

మొదటిది: "టూరిజం వస్తే ఉద్యోగాలొస్తాయి కదా?"

ఏ ఉద్యోగాలు? మేము ఐదుగురం ఒక రిసార్టు ముందు నిలబడి లోపలికి చూస్తుంటే కాపలా మనిషి వచ్చి "పనికేనా? ఎనక గేటుకి రండి" అన్నాడు. మా బట్టలు చూశాడో, మా రంగు చూశాడో. డబ్బులిచ్చి టీ తాగడానికి వచ్చి ఉంటామని అతనికి తట్టనే లేదు. అతని తప్పు కాదు, అతనూ కొండవాడే, ముందు గేటు నుంచి వెళ్లే మొహాలు ఎట్లా ఉంటాయో రోజూ చూస్తున్నాడు. వెనక గేటు కాడ మాకు తెలిసిన మొహాలే కనపడ్డాయి. అంట్లు తోమే కాడ మైదానం మాల, మాదిగ పిల్లలు. మరుగుదొడ్ల కాడ రెల్లి వాళ్లు. దుప్పట్లు ఉతికే కాడ ఆదివాసీ ఆడోళ్లు. లెక్కల బల్ల కాడ మాత్రం మనవాడు లేడు. ఆదివారం సాయంత్రం కార్లు దిగిపోయాక సీసాలు, ప్లేట్లు, కవర్లు గెడ్డలోకి కొట్టుకుపోతే ఏరేది ఎవరు? ఆ గెడ్డ నీళ్లు తాగేది ఎవరు? వర్ణవ్యవస్థ ఘాట్ రోడ్డెక్కి వచ్చిందంతే!

రెండోది: "1/70 మన దళితులకూ అడ్డే కదా? మనమెందుకు దాన్ని మోయాలి?"

ఈ ప్రశ్నని దాటెయ్యం. మన్యంలో స్థిరపడ్డ దళిత కుటుంబాలున్నాయి, వాళ్ల కష్టాలూ ఉన్నాయి. కానీ ఒక్కటి ఆలోచించండి. ఆ కట్ట తెగితే ముందు లోపలికి వచ్చేది మనమా, మన ఊళ్లో మన భూమి తిన్నవాడా? మైదానంలో మనకిచ్చిన డి-పట్టా భూములను కాపాడ్డానికి 1977లో అసైన్డు భూముల బదిలీ నిషేధ చట్టం తెచ్చారు. 2023లో సవరించి 20 ఏళ్లు దాటిన వాటిని అమ్ముకోవచ్చన్నారు. 'అమ్ముకునే స్వేచ్ఛ' అని చెవిలో పువ్వు పెట్టారు. ఆకలితో ఉన్నవాడికి ఇచ్చే అమ్ముకునే స్వేచ్ఛ, కొనేవాడికే స్వేచ్ఛ. మన భూమికి ఏ కట్ట కావాలని కొట్లాడుతున్నామో, ఆదివాసీ భూమికి అదే కట్ట 1/70. వాళ్ల కట్ట తెంపి మన మడి తడుపుకోలేం. మనకు భూమి కావాలంటే మైదానంలో బంజర్లు, మిగులు భూములు పెత్తందార్ల కింద ఉన్నాయి. అక్కడ పాతుదాం జెండా.

మూడోది: "అంటే మీరు విహారానికే వ్యతిరేకమా? పేదోడు కొండ చూడొద్దా?"

చూడాలి! మా పిల్లలూ చూడాలి. మనిషికి గొడ్డులా చాకిరీ చెయ్యడమే బతుకు కాకూడదు, తీరిక కావాలి, ఆ తీరికలోనే మనిషి మనిషవుతాడు అని గాంధీయిజంతో తలపడిన చోట అంబేద్కర్ గట్టిగా వాదించారు. యంత్రాలను ఆయన సమర్థించింది అందుకే. తీరిక అగ్రకులాల సొత్తు కాదు. కానీ ఒకరి తీరిక ఇంకొకరి వెట్టి మీద నిలబడితే అది తీరిక కాదు, దొరతనం. మేము అడిగేది కొండని మూసెయ్యమని కాదు. కొండకి యజమాని ఎవరో ముందు తేల్చమని.

భూమి తన చేతిలో ఉంటే కొండవాడు ఏం చెయ్యగలడో చూడాలంటే కాఫీ చూడండి. చిన్న చిన్న కమతాల్లో, చెట్ల నీడన, మిరియం తీగల పక్కన ఆదివాసీ రైతులు పండించిన అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎవడో వచ్చి భూమి లాక్కుని 'అభివృద్ధి' చేస్తే వచ్చింది కాదది.

గ్రామసభలో ఏం అడగాలి

ఉత్త ఆవేశం చాలదు. 1996 పెసా చట్టం ఉంది. మన రాష్ట్రంలో దాని నిబంధనలు 2011లో వచ్చాయి. సంతల మీద, సారా మీద, అడవి చిన్న ఫలసాయం మీద, అన్యాక్రాంతమైన భూమిని వెనక్కి రప్పించడం మీద గ్రామసభకి, పంచాయతీకి అధికారం ఉంది. వాడకపోతే ఆ చట్టం తుప్పు పట్టిన కత్తే. అందుకని వచ్చే గ్రామసభలో ఈ మాటలు తీర్మానం పుస్తకంలో రాయించండి:

1. మన పంచాయతీ పరిధిలో ఉన్న ప్రతి గుడారం, రిసార్టు, హోటలు ఏ సర్వే నెంబరులో ఉంది, ఎవరి పేరున ఉంది, డబ్బు ఎవరిది? జాబితా చదివి వినిపించాలి. బినామీ అని తేలితే 1/70 కింద కేసు పెట్టి భూమి తిరిగి ఇప్పించాలి.

2. జలపాతం కాడ, కొండ కాడ, పార్కింగు కాడ వసూలయ్యే ప్రతి రూపాయి లెక్క గ్రామసభ ముందు పెట్టాలి. టికెట్ పెట్టాలా వద్దా, ఎంత పెట్టాలి అన్నది గ్రామసభే తేల్చాలి.

3. షెడ్యూల్డు ప్రాంతంలో వ్యాపారం చేసేవాళ్ల నికర లాభంలో కనీసం 20 శాతం అక్కడి బడి, ఆసుపత్రి, నీళ్లు, దారుల కోసం నిధిగా పెట్టాలని సమత తీర్పు చెప్పింది. విహార వ్యాపారానికీ అదే లెక్క కట్టాలి.

4. డోలీ మోసే ఊళ్లకు దారి పడే దాకా గుడారాలకు కొత్త దారి వద్దు. సెక్షన్ 3(2) కింద గ్రామసభ సిఫారసు ఈ రోజే రాసి, అందుకున్నట్టు సంతకం తీసుకోండి.

5. లెక్కల బల్ల కాడ, గైడు పనిలో, మేనేజరు కుర్చీలో ఆదివాసీ పిల్లలుండాలి. ఊడ్చే, కడిగే పని చేసేవాళ్లు ఏ కులమైనా చట్టం ప్రకారం కూలి ఇవ్వాలి, చేతికి తొడుగులు ఇవ్వాలి.

6. మందు ఎక్కడ తాగొచ్చు, పాటల పెట్టె ఎప్పుడు ఆపాలి, చేలోకి ఎవరు దిగొచ్చు – ఊరు చెప్పిందే నియమం.

మైదానం కార్యకర్తలకు ఒక మాట. కొండ దిగువ వాడల నుంచి మన పిల్లలు ఆ హోటళ్లకు పనికి పోతున్నారు. వాళ్ల పేర్లు రాయండి, కూలి ఎంతో రాయండి. కొండ మీద బంద్ పిలిస్తే మన వాడలో ఆటో కూడా ఆ రోజు ఆగాలి. వాళ్ల పోరాటంలో మనం విడిది చేసే అతిథులం కాదు, భాగస్తులం.

దౌలతాబాద్‌లో బాబాసాహెబ్ కోట చూడకుండా వెనక్కి రాలేదు. వెనకాల సిపాయి నడుస్తుండగానే లోపలికి పోయి చూసి వచ్చారు, వచ్చాక ఆ అవమానాన్ని పూస గుచ్చినట్టు రాసి పెట్టారు. మనమూ రాసి పెడదాం. ఏ ఊరికి దారి లేదో, ఏ తల్లి డోలీలో పోయిందో, ఏ భూమి ఎవడి చేతిలో ఉందో. ఈ పక్షం సంతకి పోయేటప్పుడు ఈ కాగితం వెంట తీసుకుపోండి. చదవలేనివాళ్లకు చదివి వినిపించండి. వచ్చే సంచికకి మీ ఊరి జాబితా పంపండి.